జెల్సోమినా ఖరీదు పదివేల లీరాలు

ఫెలినీ 'లా స్ట్రాడా' (1954) గురించి ఎవరు మాట్లాడినా ముందు గులకరాయి సీన్ చెప్తారు. ఊరూరా తిరిగి ఆటలాడే జంపానో దగ్గర డప్పు కొట్టే అమ్మాయి జెల్సోమినా. నేనెందుకూ పనికిరానని ఏడుస్తుంది. తాడు మీద నడిచే సర్కస్ మనిషి, అందరూ 'పిచ్చోడు' అని పిలిచేవాడు, ఒక రాయి తీసి చూపిస్తాడు. దీనికీ ఏదో ప్రయోజనం ఉండే ఉంటుంది, లేకపోతే నక్షత్రాలకీ లేనట్టే అంటాడు. ఆమె మొహం వెలుగుతుంది. నాకూ ఇష్టమే ఆ సీన్. కానీ ఆ ఓదార్పు ఆమెని ఎక్కడికి చేర్చింది? తనని కొట్టే జంపానో దగ్గరికే. నేను లేకపోతే అతనికి ఎవరున్నారు అనుకుంటూ.

సినిమా మొదలయ్యేదే ఒక బేరంతో. జంపానో వెంట వెళ్ళిన అక్క రోజా చచ్చిపోయింది. ఇప్పుడు చెల్లెలి కోసం వచ్చాడు. తల్లి ఏడుస్తూనే పదివేల లీరాలు తీసుకుంటుంది. ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుంది కదా! గైడో అరిస్టార్కో లాంటి ఇటలీ మార్క్సిస్టు విమర్శకులు, ఫెలినీ నియోరియలిజాన్ని వదిలేశాడని మండిపడ్డారు. ఈ మొదటి సీన్‌ని వాళ్ళు సరిగ్గా చూశారా అని నా అనుమానం. యుద్ధం తర్వాతి పేదరికం గురించి ఇంతకంటే ఏం చెప్పాలి?

ఆట నేర్పడం కూడా బెత్తంతోనే. "జంపానో వచ్చాడు" అని అరిచి డప్పు కొట్టాలి. తప్పితే కాళ్ళ మీద దెబ్బ. జూలియెట్టా మసీనాని చాప్లిన్‌తో పోలుస్తారు గానీ, ఈ సీన్‌లో ఆ మొహం చూసి నవ్వి, వెంటనే నవ్వినందుకు సిగ్గుపడతాం.

నా దృష్టిలో సినిమా గుండెకాయ గులకరాయి కాదు. జంపానో కొట్టిన దెబ్బలకి పిచ్చోడు చనిపోయాక, ఆట మధ్యలో జెల్సోమినా డప్పు కొట్టదు. పిచ్చోడికి బాలేదు, బాలేదు అని మూలుగుతుంది, అంతే. ఎంత బెదిరించినా, బతిమాలినా ఇక ఆ మనిషి 'పనికిరాదు'. అందుకే మంచులో నిద్రపోతున్నదాన్ని వదిలేసి, పక్కన బూర పెట్టి పోతాడు.

ఇక్కడే నాకు పేచీ. ఆమె చావు మనకి చూపించరు. కొన్నేళ్ళ తర్వాత, బట్టలారేస్తున్న ఒకమ్మాయి కూనిరాగం ద్వారా తెలుస్తుంది. నీనో రోటా ట్యూన్ అది, జెల్సోమినా బూర మీద వాయించేది. అక్కడి నుంచి సినిమా మొత్తం ఆంథనీ క్విన్‌దే. ఒక మగాడు ఏడవడం నేర్చుకోడానికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఖర్చయిపోవాలా?

అయినా ఫెలినీ అతనికి క్షమాపణ మాత్రం ఇవ్వలేదు. వార్త విన్నాక కూడా జంపానో అదే ఇనపగొలుసు ఛాతీకి చుట్టుకుని, అరిగిపోయిన అవే మాటలు వల్లిస్తూ గుండ్రంగా తిరుగుతాడు. రాత్రి తాగి సముద్రం ఒడ్డున కూలబడతాడు. ఒకసారి తలెత్తి ఆకాశంలోకి చూస్తాడు. తర్వాత ఇసకలో మొహం పెట్టి ఏడుస్తాడు. కెమెరా అతని దగ్గరికి వెళ్ళదు. మెల్లగా వెనక్కి, పైకి జరిగి, అతన్ని అక్కడే వదిలేస్తుంది.