కోపం వెనక పేరులేని బాధలు

లోపల మెదిలేది భయమో, దుఃఖమో, అవమానమో పోల్చుకోలేని స్థితికి పీటర్ సిఫ్నియోస్ 1970ల మొదట్లో 'అలెక్సితీమియా' అని పేరుపెట్టాడు. 1994లో వచ్చిన టొరంటో స్కేలు 20 అంశాలతో దీన్ని కొలుస్తుంది. భావాన్ని గుర్తించలేనివాళ్లలో కోపమూ, తన బాధను పక్కవాడి మీదికి నెట్టేసే 'అపరిపక్వ' ఆత్మరక్షణలూ ఎక్కువగా కనిపిస్తాయని మనస్తత్వ పరిశోధకులు అంటున్నారు.

ఇందులో నిజం లేదని మేం అనడం లేదు. మా పేచీ అల్లా ఆ 'అపరిపక్వ' అన్న మాటతోనే. జీతగాడు కళ్లెత్తి చూస్తేనే దెబ్బలు పడే చోట, మొహంలో ఏదీ కనపడనీయకపోవడం బతికే ఉపాయం. దాచీ దాచీ చివరికి ఆ బాధ ఏమిటో తనకే తెలియకుండా పోతుంది. స్కేలు మనిషిని ప్రశ్నిస్తుంది, అతని నోరు నొక్కిన ఊరిని ప్రశ్నించదు. కొలత తప్పని కాదు, అది సగమే. అల్జీరియాలో మానసిక వైద్యుడిగా పనిచేసిన ఫానన్ 1961లోనే మిగతా సగం చెప్పాడు: వలసదొర మీద చూపలేని కోపం తోటి పీడితుడి మీదే విరుచుకుపడుతుందని.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత కవిత్వాన్ని 'ఉత్త కోపం' అని కొట్టిపారేసిన విమర్శకులున్నారు. 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' సంకలనం తెరిచి చూడండి. అందులో అవమానం వేరు, దుఃఖం వేరు, వెక్కిరింత వేరు, ఆత్మగౌరవం వేరు. అన్నిటినీ కలిపి కోపం అనేస్తే, భావాల్ని పోల్చుకోలేని జబ్బు ఎవరిదనుకోవాలి?

అయితే ఈ వాదాన్ని మనం అడ్డం పెట్టుకోకూడదు. పొలంలో పడ్డ మాట ఇంటికొచ్చి భార్య వీపు మీద దెబ్బయితే, దాన్ని ప్రతిఘటన అనలేం. దళిత స్త్రీలు ఇంటి బయటి కులాన్నీ ఇంటి లోపలి మగ పెత్తనాన్నీ కలిపే నిలదీశారు. 1921 నుంచి 2002 దాకా వాళ్లు రాసిన వాటితో గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' మన కార్యకర్తలు ఎంతమంది చదివారు?

మన మీటింగుల్లో కోపానికి మైకు దొరుకుతుంది. 'నాకు భయమేసింది', 'సిగ్గుతో చచ్చిపోయాను' అన్నవాడికి మాత్రం చోటుండదు. ఆ మాటలు చెప్పుకోనిస్తే ఉద్యమం చల్లబడుతుందన్న అనుమానం మనలో ఉంది. మేం అలా అనుకోవడం లేదు. తన బాధ ఏమిటో తెలిసినవాడి కోపం పెళ్లాం పిల్లల మీదికి పోదు, పోవాల్సిన చోటికే పోతుంది.