హంతకుడి మనసుకు గీసిన బొమ్మలు

డిటెక్టివ్ నవలలు చదివి పెరిగిన మనకు హంతకుడు ఎవరన్నదే ప్రశ్న. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఆఖరి పేజీల్లో ఆ ముడి విప్పేవరకూ పుస్తకం కింద పెట్టం. 1950లలో న్యూయార్క్ నుంచి వెలువడిన ఈసీ కామిక్స్ నేర కథల్లో చాలావాటికి ఈ ముడే ఉండదు. చంపినవాడెవడో ముందే తెలిసిపోతుంది. చంపాక వాడి తలలో ఏం జరిగిందన్నదే కథ.

ఈ బొమ్మల పుస్తకాల ఖరీదు అప్పట్లో పది సెంట్లు. ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ 1950లో మొదలై 1955 దాకా 27 సంచికలు నడిచింది. ఈసీ యజమాని విలియం గెయిన్స్, సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టైన్ కూర్చుని కథ అల్లేవారు. ఫెల్డ్‌స్టైన్ బొమ్మలు వేయాల్సిన అట్ట మీదే నేరుగా మాటలు రాసేసేవాడు. వాటిని లెరాయ్ అనే పరికరంతో అచ్చక్షరాల్లా దిద్దాకే ఆ అట్ట చిత్రకారుడి చేతికి వెళ్లేది. అందుకే ఈ కథల్లో మాటలు ఎక్కువ. కొన్నిచోట్ల బొమ్మకు ఊపిరాడదు కూడా. అయినా ఆ మాటల్లో ఒక గొప్ప ఎత్తుగడ ఉంది. వ్యాఖ్యానం తరచు హంతకుణ్ణి ‘నువ్వు’ అని పిలుస్తుంది. నువ్వు మెట్లు దిగుతున్నావు, నీ అరచేతులు చెమర్చాయి అంటుంది. చదివేవాడు తెలియకుండానే ఆ చెమట తుడుచుకుంటాడు.

చిత్రకారుడు జానీ క్రెయిగ్ దారి వేరు. తన కథలు చాలావరకు తానే రాసుకునేవాడు, నింపాదిగా గీసేవాడు. శుభ్రమైన గీత, సర్దిన డ్రాయింగ్ రూములు, దువ్విన తలలు. ఆ మర్యాదస్తుల ఇంట్లోనే హత్య. రే బ్రాడ్‌బరీ కథ ఆధారంగా అతను గీసిన ‘టచ్ అండ్ గో’ 1953లో వచ్చింది. ఒకడు మరొకడి ఇంట్లో అతణ్ణి చంపుతాడు. వేలిముద్రలు గుర్తొచ్చి తుడవడం మొదలుపెడతాడు. ముట్టుకున్నవన్నీ తుడుస్తాడు. తర్వాత ముట్టుకున్నానేమో అని అనుమానం వచ్చినవి. ఆ తర్వాత ముట్టుకోనే ముట్టుకోనివి. గిన్నెలో పళ్లున్నాయి, అడుగున ఉన్న పండును కూడా వదలడు. పారిపోవడానికి రాత్రంతా ఉంది, వాడు మాత్రం తుడుస్తూనే ఉన్నాడు. పోలీసులు వచ్చేసరికి కూడా తుడుస్తున్నాడు. వాణ్ణి పట్టించింది వాడి భయమే. నేరగాడి మనసు గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన కథలు తక్కువ.

ఈ కథలకు రంగులు మేరీ సెవెరిన్‌వి. భీకరమైన బొమ్మ ఉన్న గడి వస్తే ఆమె దాన్ని మొత్తంగా ఒకే రంగులో ముంచేసేది. నెత్తురు కనబడదు, కలవరం కనబడుతుంది.

ఇక మరో చిత్రకారుడు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్. 1955లో ఈసీ వారి ‘ఇంపాక్ట్’ తొలి సంచికలో వచ్చిన ‘మాస్టర్ రేస్’ అతనికి ఆరు పేజీల కథగా అందింది. పేజీలు చాలవని పట్టుబట్టి, అక్షరాలు దిద్దిన అట్టను కోసి, మళ్లీ అతికించి, ఎనిమిది పేజీలు చేశాడు. కార్ల్ రైస్‌మన్ అనే మనిషి న్యూయార్క్ భూగర్భ రైలెక్కుతాడు. నల్లదుస్తుల మనిషి ఒకడు ఎదురవుతాడు. రైస్‌మన్ నాజీ నిర్బంధ శిబిరపు జ్ఞాపకాల్లో మునిగిపోతాడు. పాపం, ప్రాణాలతో బయటపడ్డ బాధితుడు కాబోలు అనుకుంటాం. కాదు, ఆ శిబిరాన్ని ఏలినవాడే. ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి పట్టాల మీదికి జారతాడు. ఆ జారడాన్ని క్రిగ్‌స్టీన్ సన్నని గళ్లుగా తరిగాడు. క్షణంలో అయిపోవాల్సింది అవ్వదు. మీద నుంచి దూసుకుపోయే రైలు కిటికీల్లో ఒకే ముఖం పక్కపక్కనే పదే పదే కనిపిస్తుంది. వేగాన్ని కదలని కాగితం మీద అలా పట్టుకున్నాడు. సినిమాలో ఆ క్షణం మన చేతిలో ఉండదు. ఇక్కడ ఎంతసేపు చూడాలో మన కన్నే నిర్ణయిస్తుంది. బొమ్మల కథకు మాత్రమే ఉన్న ఈ శక్తిని అంత తెలిసి వాడినవాళ్లు అరుదు.

అప్పటికే ఈ కథల మీద వేటు పడింది. మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తమ్ 1954లో రాసిన పుస్తకం, కామిక్స్ పిల్లల్ని నేరాల వైపు నెడుతున్నాయంది. ఆ ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు, తెగిన తల ఉన్న క్రెయిగ్ ముఖచిత్రం గురించి గెయిన్స్ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ముఖచిత్రాన్ని నేనూ సమర్థించను. పసివాడి చేతికి ఇవ్వదగ్గది కాదు. కానీ ఆ ఏడాదే ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి ముఖచిత్రాలతో ఆగలేదు. నేరస్థుడి మీద సానుభూతి కలగకూడదంది. పేరులో ‘క్రైమ్’ అనే మాట మిగతా మాటల కంటే పెద్దగా ఉండకూడదని కూడా రాసుకుంది. హంతకుడి లోపలికి తొంగిచూసే తలుపే మూసుకుపోయింది. జాలి పడటం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఆ తేడా నియమావళి రాసినవాళ్లకు పట్టలేదు.

ఈ కథలను ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ ఒక్కో చిత్రకారుడి పేరు మీద ఒక్కో సంపుటంగా నలుపు తెలుపుల్లో మళ్లీ అచ్చువేసింది. ఒక్కటే చదివే తీరిక ఉంటే ‘మాస్టర్ రేస్’ చదవండి. మొదటిసారి కథ కోసం, రెండోసారి గళ్ల కోసం.