కొల్లేరు పట్టే కిటికీ

గన్నవరం విమానాశ్రయం నుంచి రాజమండ్రి మధురపూడికి పటం మీద తిన్నగా ఒక గీత గీయండి. ఆ గీత ఏలూరు మీదుగా వచ్చి, మా గుండుగొలనును దాదాపు రాసుకుంటూ పోతుంది. సుమారు 125 కిలోమీటర్ల దారి. సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల చిన్న విమానానికి నలభై నిమిషాలు కూడా పట్టదు. వారంలో రెండు మూడు రాత్రులు, భోజనాలయ్యాక, మేడమీది గదిలో కూర్చుని నేను నడిపేది ఈ దారినే. విమానం కంప్యూటర్లోదే అయినా, కింద కనిపించేవి మా ఊళ్లే.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో మొదటిసారి వచ్చినప్పుడు అందులో నేలంటే కొన్ని గీతలే. 2020 ఆగస్టులో వచ్చినది ఆకాశం నుంచి తీసిన చిత్రాలను భూగోళమంతా పరిచేసింది. అందులో మా చేపల చెరువులున్నాయి, వాటి గట్లున్నాయి. మొదటి రాత్రి మా అమ్మను మేడమీదికి పిలిచి చూపిస్తే, కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చి, "గోదావరి కాలవ కదరా అది!" అంది. అప్పుడు నా దగ్గరున్నది 24 అంగుళాల మానిటర్. ఆవిడ కాలవను గుర్తుపట్టింది గానీ, "మరి కొల్లేరేదిరా?" అని అడిగితే నేను చూపించలేకపోయాను. విమానానికి కుడివైపున ఉండాల్సిన సరస్సు నా తెరలో పట్టలేదు.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం తిప్పింది. పెద్ద తెర కొనాలనుకున్నాను. ఏ షాపుకెళ్లినా మొదటి మాట, "ఎన్నంగుళాలు కావాలండీ?" ఆ అంగుళాలు అడ్డంగా కొలిచినవి కావు, నిలువుగా కొలిచినవీ కావు, మూల నుంచి మూలకు కొలిచినవి. సినిమా చూడ్డానికి ఆ లెక్క చాలు. విమానం నడపడానికి చాలదు. మనకు కావలసిన కొలత కంటి దగ్గర మొదలవుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు కన్ను ఎక్కడుంది, తెర ఎక్కడుంది, ఆ తెర రెండంచులూ కంటి దగ్గర ఎన్ని డిగ్రీల కోణం చేస్తున్నాయి అన్నదే అసలు సంగతి.

చేయి చాపినంత దూరం, అంటే 75 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ దూరంలో 24 అంగుళాల మానిటర్ 39 డిగ్రీలే కప్పుతుంది. 43 అంగుళాల టీవీ 65 డిగ్రీలు, 55 అంగుళాలది 78 డిగ్రీలు. గన్నవరంలో లేచి ఏలూరు ఇంకా రాకముందు, కొల్లేరు మన ముక్కుకు కుడిగా ముప్పై డిగ్రీల దగ్గర ఉంటుంది. 39 డిగ్రీల తెర కుడిపక్కకు ఇరవై కూడా చూపించదు. 78 డిగ్రీలది 39 దాకా చూపిస్తుంది. మా అమ్మ అడిగినదానికి జవాబు అక్కడుంది.

"చిన్న తెరలోనే జూమ్ తగ్గిస్తే అంతా కనబడుతుంది కదా" అంటారు. కనబడుతుంది. నేనూ రెండేళ్లు అలాగే నడిపాను. కానీ అప్పుడు ప్రతి వస్తువూ చిక్కిపోతుంది, ఆ సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది. విమానాలు రన్‌వే మీదికి మామూలుగా మూడు డిగ్రీల వాలులో దిగుతాయి. అంటే చక్రాలు తాకాల్సిన చోటు క్షితిజ రేఖకు మూడు డిగ్రీల కింద కనిపించాలి. 75 సెంటీమీటర్ల దూరంలోని తెర మీద, ఉన్నదున్నట్టు చూపిస్తే, ఆ మూడు డిగ్రీలు దాదాపు 4 సెంటీమీటర్లు. ఐదున్నర కిలోమీటర్ల అవతలి నుంచి 45 మీటర్ల వెడల్పు రన్‌వే 6 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. అదే 24 అంగుళాల మానిటర్లో 90 డిగ్రీల చూపును కుక్కితే ఆ 4 సెంటీమీటర్లు ఒకటిన్నరకు పడిపోతాయి, రన్‌వే 2 మిల్లీమీటర్లవుతుంది. ఎత్తు ఎక్కువైందో తక్కువైందో ఆ కాస్త జాగాలో కన్ను ఎలా పోల్చుకుంటుంది? మధురపూడిలో నేను నెలల తరబడి ఎత్తుగా వచ్చి, రన్‌వే సగం దాటాక దిగేవాణ్ణి. తప్పు చేతిదనుకున్నాను. తెర మార్చిన వారంలో అది సర్దుకుంది.

కొల్లేటి ఆటపాక దగ్గర గూడబాతులు నీళ్ల మీద దిగడం చూసినవాళ్లకు, దిగేటప్పుడు పక్కచూపు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. అంత బరువైన పక్షి నీటికి జానెడు ఎత్తున రెక్కలు విప్పుకుని, కాళ్లు ముందుకు చాచి, నీటిని గీరుతూ ఆగుతుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, నీరు వెనక్కి పరుగెత్తడం పక్కల నుంచి తెలుస్తూనే ఉంటుంది. పైలట్లు కూడా ఆఖరి క్షణంలో ముక్కు ఎత్తేటప్పుడు రన్‌వే దూరపు అంచును చూస్తూ, పక్కల నేల ఎలా లేచి వస్తోందో కంటి కొసలతో పట్టుకుంటారు. కంటి కొసలకు పని చెప్పని తెర మీద దిగడం నేర్చుకోవడం కష్టం.

అలాగని మొదటి సిమ్యులేటర్లకు కిటికీ ఉండేదనుకోకండి. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ యంత్రం గాలి తిత్తుల మీద కదిలే చెక్క డబ్బా. ఆయన తండ్రిది ఆర్గాన్లు, పియానోలు చేసే కర్మాగారం, ఆ తిత్తుల విద్య అక్కడిదే. మూత వేస్తే లోపల చీకటి, మీటర్లు, అంతే. మేఘాల్లో మీటర్లను నమ్మి నడపడం నేర్పడానికి అది చాలింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎందరో పైలట్లు అందులో కూర్చుని నేర్చుకున్నవారే. ఆ యుద్ధకాలపు రన్‌వే ఒకటి మా పక్కనే తాడేపల్లిగూడెంలో ఉంది. అక్కడ విమానాలు దిగడం ఎప్పుడో ఆగిపోయింది. మధురపూడి వెళ్లేటప్పుడు కుడివైపు ఆ ఊరొస్తే నా చూపు దానికోసం వెతుకుతుంది.

నేను చేసిన తప్పు కొనుగోలు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే పడతారు. 49 అంగుళాల వంపు తిరిగిన పొడవాటి మానిటర్ కొన్నాను. బల్ల మీద పెడితే చూడ్డానికి ఎంతో బాగుంది. వెడల్పు 120 సెంటీమీటర్లు. 55 అంగుళాల టీవీ వెడల్పూ ఇంచుమించు అంతే, 122. కానీ ఆ మానిటర్ ఎత్తు 34 సెంటీమీటర్లయితే టీవీది 68. వెడల్పు సమానమే, ఎత్తు మాత్రం సరిగ్గా సగం. ఉన్నదున్నట్టు కొలతకు పెట్టేసరికి క్షితిజ రేఖ కింద పదమూడు డిగ్రీలైనా మిగల్లేదు. సెస్నాలో మీటర్లుండేది అంతకన్నా కిందే. రన్‌వే చూస్తే వేగం కనబడదు, వేగం కోసం చూపు దించితే రన్‌వే పోతుంది. కారు పందేల ఆటలకు ఆ మానిటర్ మంచిదే. విమానానికి ఎత్తు కావాలి. పైన మలుపు తిరిగేటప్పుడు ఆకాశం, కింద మీటర్లు, రెండూ నిలువులోనే ఉంటాయి. వెడల్పు కోసం ఎత్తును వదులుకోవద్దని ఎవరడిగినా మొదట ఇదే చెబుతాను.

ఇక చత్వారం సంగతి. నలభై దాటినవాళ్లకు 75 సెంటీమీటర్లు ఇటూ అటూ కాని దూరం. చదివే జోడు దగ్గరికి, మామూలు జోడు దూరానికి, మధ్యలో తెర. గంట కూర్చుంటే కణతలు లాగుతాయి. గది ఒప్పుకుంటే పెద్ద తెరను దూరంగా పెట్టడం, చిన్న తెరను దగ్గర పెట్టడం కన్నా మేలు. 43 అంగుళాలది 75 సెంటీమీటర్ల దగ్గర ఎంత కోణం ఇస్తుందో, మీటరున్నర దూరంలో 75 అంగుళాలది దానికి కాస్త తక్కువగా ఇస్తుంది. కన్ను మాత్రం సుఖంగా ఉంటుంది. విమాన సంస్థల పైలట్లు శిక్షణ పొందే పెద్ద సిమ్యులేటర్లలో బొమ్మను పెద్ద పుటాకార దర్పణంలో చూపిస్తారు. ప్రతిబింబం ఎక్కడో అనంత దూరంలో ఉన్నట్టుంటుంది, ఇద్దరు పైలట్లకూ రన్‌వే ఒకే దిక్కున కనిపిస్తుంది. ఇంట్లో మనకు ఆ దర్పణం లేదు గనక దూరమే మందు.

ఎత్తు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. టీవీని గోడకు పైన బిగించే అలవాటు మనకు బాగా ఉంది, విమానానికి అది పనికిరాదు. కుర్చీలో కూర్చుంటే నా కన్ను నేల నుంచి 118 సెంటీమీటర్లు. క్షితిజ రేఖ అక్కడే రావాలి. అదీ తెర మధ్యలో కాదు, పై అంచు నుంచి మూడో వంతు దగ్గర. అప్పుడు మీటర్లకు కింద చోటు మిగులుతుంది. 55 అంగుళాల టీవీకి అలా లెక్క వేస్తే కింది అంచు నేల నుంచి 73 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, దాదాపు బల్ల ఎత్తు. ఇంట్లో వాడే బల్లకు ఇంతకన్నా బాగా కుదిరే సైజు లేదు.

టీవీయే కొంటే దాన్ని కంప్యూటర్ మానిటర్‌గా మార్చుకోవడం తెలియాలి. సినిమా మోడ్‌లో టీవీ ప్రతి బొమ్మనూ మెరుగుదిద్దుతూ కూర్చుంటుంది, దానివల్ల పదో వంతు సెకను దాకా ఆలస్యం కావచ్చు. మనం విమానం కాడి (యోక్) లాగుతాం, ముక్కు లేవలేదనిపిస్తుంది, ఇంకా లాగుతాం, అప్పటికి మొదటిది అందుకుని ముక్కు ఎక్కువ లేస్తుంది. దించుతాం, మళ్లీ అదే కథ. గేమ్ మోడ్ పెడితే ఆ జాగు చాలావరకు పోతుంది. హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చితే చాలా టీవీల్లో అక్షరాల అంచులు తేటపడతాయి. 4కే తప్పనిసరి. 55 అంగుళాలు 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 4కేలో డిగ్రీకి యాభై చుక్కల దాకా పడతాయి, మామూలు ఫుల్ హెచ్‌డీలో పాతికే. మంచి కన్ను అరవై దాకా విడదీయగలదు. పాతికైతే ఆల్టిమీటర్ అంకెలు అలుక్కుపోతాయి. అయితే 4కే అంటే 83 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. ఆ బరువు మోసే గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర ఒక్కటే కొంటే బొమ్మ తడబడుతుంది. డబ్బు రెండింటికీ కలిపి లెక్క వేసుకోండి. ఓఎల్‌ఈడీ నలుపు అందంగానే ఉంటుంది గానీ, కదలని మీటర్ల బొమ్మ గంటలకొద్దీ నిలిచి ఉంటే అచ్చు పడే ప్రమాదం ఉంది. రోజూ ఒకే విమానం నడిపేవాళ్లకు ఎల్‌ఈడీయే నయం.

మూడు మానిటర్ల పద్ధతి నాకు నచ్చుతుంది. 32 అంగుళాలవి మూడు కంటి చుట్టూ మడిచి పెడితే 150 డిగ్రీలు వస్తాయి. అప్పుడు ఏలూరు దాటినా కొల్లేరు కుడి మానిటర్లో ఇంకాసేపు ఉంటుంది. కానీ ఖర్చు, వేడి, మూడింటి మధ్య నల్లటి అంచులు. ప్రొజెక్టర్‌కు చీకటి గది కావాలి. కళ్లకు తగిలించుకునే వీఆర్‌లో లోతు బాగా తెలుస్తుంది, మన చేతులు మనకు కనబడవు. మా వైపు మే నెల ఉక్కపోతలో దాన్ని గంటసేపు ముఖానికి కట్టుకుని ఉండటం నా వల్ల కాలేదు.

ఏలూరులో తివాచీ నేయించుకునేవాళ్లు ముందు గది కొలిచి, ఆ కొలత నేతగాళ్లకు ఇస్తారు. తెరకూ ఆ పద్ధతే మంచిది. షాపుకెళ్లే ముందు పాత పేపర్లు అతికించి, 122 సెంటీమీటర్లు అడ్డం, 68 నిలువు కత్తిరించి, తెర రావాల్సిన చోట నిలబెట్టండి. కుర్చీలో కూర్చోండి. పైనుంచి మూడో వంతులో ఒక గీత గీసి, అది కంటి ఎత్తుకు వచ్చిందో లేదో చూడండి. రెండు రోజులు అలాగే ఉంచండి.

పోయిన నెల హైదరాబాద్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, 75 అంగుళాలు ఆఫర్లో ఉంది, తీసేసుకోనా?"

"కూర్చుంటే గోడ ఎంత దూరంరా?"

"మీటరున్నర ఉంటుంది."

"గోడకు పెడితే కోణం చాలదు. ముందుకు లాగితే కింది అంచు బల్ల వెనక్కి పోతుంది, మీటర్లు కనబడవు. ముందు పేపర్లు అంటించి చూడు. 65ది కూడా కత్తిరించు."

ఆదివారం ఫొటో పంపాడు. కుర్చీకి మీటరు దూరంలో, అట్టకు అతికించిన పేపర్లు, మూడో వంతులో పెన్సిల్ గీత. కింది అంచు సరిగ్గా బల్ల అంచు మీదుగా కనిపిస్తోంది. 65 చాలని చెప్పాను. గోడకు బిగించొద్దని, నేల మీద నిలబడే స్టాండు కొనమని చెప్పాను.