తేలిక నవల బరువెంత?

మొన్న సెలవులకి వచ్చిన మా మేనకోడలు మంచానికి అడ్డంగా పడుకుని పుస్తకం చదువుతోంది. అట్ట మీద చారెడేసి కళ్ళ అమ్మాయి బొమ్మ.

“బొమ్మల కథలా?” అన్నాను.

“కాదత్తయ్యా, నవలే. జపాన్ వాళ్ళ లైట్ నావెల్. ఇంగ్లీషు అనువాదం.”

లైట్ అనేసరికి చురుక్కుమంది నాకు. ఓ సభలో ఒక పెద్దాయన “వీరు తేలికపాటి నవలలు రాస్తారు” అని నన్ను పరిచయం చేశారు. మెచ్చుకుంటూనే అన్నారు పాపం. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. అందుకే పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. రెండు రోజులు తిరిగివ్వలేదు.

అది నగారు తానిగావా రాసిన హారుహి సుజుమియా కథల్లో మొదటిది. 2003లో వచ్చింది. మామూలు మనుషులంటే విసుగెత్తి, గ్రహాంతరవాసుల కోసం వెతికే హైస్కూలు పిల్ల హారుహి. వినడానికి పిచ్చిగానే ఉంటుంది. చెప్పేవాడు ఆమె తరగతిలోని క్యోన్. వాడి గొణుగుడు ఉంది చూశారూ, అదీ అసలు రుచి! మనసులో అనుకుంటున్నాడనుకుంటాం. కొటేషన్ గుర్తులుండవు. తీరా చూస్తే పక్కవాళ్ళు జవాబు చెప్పేస్తారు. పైకే అన్నాడన్నమాట! ఇంకోచోట, హారుహి రోజుకో రకంగా జడ మార్చడం వాడు కనిపెట్టి అడుగుతాడు. మర్నాడు ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని వస్తుంది. ఎందుకో చెప్పదు. వాడు ఎంతగా గమనిస్తున్నాడో, అది ఆమెకి ఎక్కడ తగిలిందో మనమే ఊహించుకోవాలి. ఏ బొమ్మా చెయ్యలేని పని అది.

బొమ్మలు మాత్రం తప్పనిసరి. మొదట్లో కొన్ని రంగుల పేజీలు, లోపల నలుపు తెలుపువి. జపాన్‌లో ఇవి 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 పొడుగున్న చిన్న పుస్తకాలు. హ్యాండ్‌బ్యాగులో పడేసుకోవచ్చు. చిన్న పేరాలు, బోలెడు సంభాషణ, కష్టమైన లిపి పక్కన సన్నటి అక్షరాల్లో ఉచ్చారణ, ఒకదాని వెనక ఒకటిగా సంపుటాలు. లైట్ నావెల్ అనే పేరు 1990 ప్రాంతంలో పుట్టింది గాని, షూయిషా సంస్థ ఆడపిల్లల కోసం కోబాల్ట్ వరుసని 1976లోనే మొదలుపెట్టింది. సాయెకో హిమురో వంటి రచయిత్రులు పేరు తెచ్చుకున్నది అక్కడే.

అన్నీ బాగున్నాయనను. చచ్చి వేరే లోకంలో పుట్టే కథలు మరీ ఎక్కువైపోయాయి. ఇంటర్నెట్‌లో వందల కథల మధ్య కంటపడాలని పేర్లు కూడా చాంతాడంత పెడుతున్నారు. ‘నేను బంకముద్దనై మళ్ళీ పుట్టిన వైనం’ అనే ధోరణిలో అట్ట మీదే కథ చెప్పేస్తే ఇక లోపలికెళ్ళడం దేనికి?

ఇంతలో ఫుయుమి ఓనో ‘పన్నెండు రాజ్యాలు’ దొరికింది. 1992లో కోదన్షా వారి ఆడపిల్లల వరుసలోనే మొదలైంది. యోకో అనే స్కూలు పిల్ల వేరే లోకంలో పడుతుంది. ఆకలి, నమ్మినవాళ్ళ మోసం. ఆఖరికి ఎంత దాకా వెళ్తుందంటే, తనకి తిండి పెట్టి బతికించినవాడు దెబ్బతిని పడి ఉంటే, తన గుట్టు బయటపెడతాడేమోనని వెనక్కెళ్ళి చంపేద్దామా అనుకుంటుంది! చదువుతూ చదువుతూ పుస్తకం మూసేశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి. పిల్లల పుస్తకంలో ఇంత రాయడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ఈ నవలల్నే 2012 నుంచి షించోషా సంస్థ పెద్దల పుస్తకాల వరుసలో మళ్ళీ వేసింది. బొమ్మలు గీసింది అప్పుడూ ఇప్పుడూ అకిహిరో యమదాయే. కథ అదే, యోకో అదే, అలమర మారింది. లైట్ నావెల్స్ రాసిన కజుకి సకురబాకి 2008లో నవోకి బహుమతి వచ్చింది, కాకపోతే వేరే వరుసలో వేసిన నవలకి.

ఇదంతా చెబితే మేనకోడలు, “అయితే పన్నెండు రాజ్యాలు లైట్ నావెలా, కాదా? ఏదో ఒకటి తేల్చు అత్తయ్యా” అంది.

“ముందు నావేమిటో తేలనీవే” అన్నాను.