ముందు ఆట పేరు చెప్పు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి సీట్లు ఖాయమయ్యే రోజుల్లో నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. బావగారో, చిన్నాన్న కొడుకో, పాత ఆఫీసు మిత్రుడో. మాట మాత్రం ఒక్కటే: "పిల్లాడికి కంప్యూటర్ కొనాలి, గేమింగ్‌దే కావాలంటున్నాడు, ఏది తీసుకోమంటావ్?" ఈ పని నాకెవరూ అప్పగించలేదు. ఇష్టపడి చేస్తున్నాను. ఒక మధ్యతరగతి ఇల్లు అరవై, డెబ్భై వేలు ఒక వస్తువు మీద పెడుతోందంటే అందులో ప్రతి వెయ్యీ పనికొచ్చే చోట పడాలని నా పట్టుదల.

ఫోన్ పిల్లాడికి ఇమ్మంటాను. "బాబాయ్, ఆర్‌టీఎక్స్ 5070 తీసుకోవచ్చా?" అని మొదలుపెడతాడు. గ్రాఫిక్స్ కార్డుల పేర్లు వాడికి కంఠతా వచ్చు. నేను ఆపి అడుగుతాను: "నాన్నా, ముందు ఆట పేరు చెప్పు. నిరుడంతా ఏం ఆడావ్?" అక్కడ కాస్త తడబడతాడు. యూట్యూబ్‌లో చూసి మురిసిపోయే ఆటలు వేరు, రాత్రిళ్లు స్నేహితులతో కలిసి ఆడేవి వేరు. నాకు కావలసింది రెండో రకం. చాలాసార్లు వచ్చే జవాబు వాలొరంట్, కౌంటర్ స్ట్రైక్, మైన్‌క్రాఫ్ట్, జీటీఏ ఫైవ్. క్రికెట్ 07 ఆడేవాళ్లు కూడా ఇంకా ఉన్నారు. 2006లో వచ్చిన ఆ ఆటకు అభిమానులే కొత్త జట్లు, కొత్త జెర్సీలు చేర్చుకుంటూ ప్రాణం పోస్తున్నారు. దానికైతే ఇంట్లో మూలనపడ్డ కంప్యూటర్ కూడా సరిపోతుంది.

వాలొరంట్ సంగతే చూడండి. 2020లో రయట్ గేమ్స్ దాన్ని విడుదల చేసినప్పుడు, సెకనుకు 144 ఫ్రేములు రావాలంటే ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఉంటే చాలంది. ఆ కార్డు 2016 నాటిది. 75 వాట్లతో నడిచిపోతుంది. మామూలు యంత్రాల మీద కూడా ఆడగలగాలన్న ఉద్దేశంతోనే వాళ్లు ఆ ఆటను అలా కట్టారు. అదే సైబర్‌పంక్ 2077లో వెలుగునీడలను లెక్కగట్టే రే ట్రేసింగ్ మొత్తం ఆన్ చేస్తే ఎంత ఖరీదైన కార్డయినా చెమటోడుస్తుంది. మొదటి ఆటకు సరిపోయే కార్డుకూ, రెండోదాన్ని నిండుగా చూపించే కార్డుకూ మధ్య తేడా ఒక స్కూటర్ ఖరీదు దాకా వెళ్తుంది. అందుకే ఆట పేరు వినకుండా నా నోట కార్డు పేరు రాదు.

తర్వాత అడిగేది మానిటర్ గురించి. దీన్ని చాలామంది చివర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. నిజానికి కార్డు ఎంత పని చెయ్యాలో తేల్చేది తెరే. 1080పీ తెరలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో సుమారు 83 లక్షలు. ప్రతి ఫ్రేమ్‌కీ అన్ని చుక్కలకూ రంగు లెక్కగట్టాల్సింది కార్డు. 1080పీ తెర కొని, దాని వెనక 4కే కోసం చేసిన కార్డు పెట్టడం డబ్బు పారబోసుకోవడమే. హెర్ట్జ్ సంగతీ అంతే. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలకు మించి చూపలేదు. యంత్రం 200 ఫ్రేములు తయారుచేసినా కంటికి చేరేవి అరవయ్యే. 60 హెర్ట్జ్ దగ్గర ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, 144 దగ్గర 6.9. గురిచూసి కాల్చే ఆటల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. 240కి వెళ్తే 4.2 అవుతుంది. అక్కడ దక్కే లాభం చాలా చిన్నది. బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్లకు 1080పీ, 144 హెర్ట్జ్ దగ్గర ఆగిపొమ్మనే చెప్తాను.

కొత్తది కొనాలని వచ్చేవాళ్లలో కొందరికి అసలు కొత్తది అక్కర్లేదు. "గేమ్ లాగ్ అవుతోంది, కార్డు మార్చాలి" అంటారు. ఆ ఒక్క మాట వెనక వేర్వేరు జబ్బులు ఉంటాయి. వాలొరంట్ సెట్టింగ్స్‌లో ఫ్రేములు, పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) రెండూ తెర మీద కనపడేలా పెట్టుకోవచ్చు. కుదుపు వచ్చినప్పుడు ఏ అంకె చెడుతోందో ఒక సాయంత్రం గమనించమంటాను. ఫ్రేములు నిలకడగా ఉండి పింగ్ ఎగిరిపడుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, ఇంటర్నెట్‌ది. ఆ ఆట సర్వర్లు ముంబైలో ఉన్నాయి. కరీంనగర్‌లోనో కాకినాడలోనో రెండు గోడల అవతల ఉన్న వైఫై పెట్టె నుంచి సిగ్నల్ అందక ఇబ్బందిపడే కంప్యూటర్‌కు లక్ష రూపాయల కార్డు పెట్టినా ఆ పింగ్ తగ్గదు. రౌటర్ నుంచి నేరుగా ఒక ల్యాన్ కేబుల్ లాగితే తగ్గుతుంది.

ఫ్రేములే పడిపోతుంటే ఇంకో పరీక్ష ఉంది. ఆటలో రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించి చూడాలి. ఫ్రేములు బాగా పెరిగితే అలసిపోతున్నది కార్డు. ఏమాత్రం పెరగకపోతే వెనకబడింది ప్రాసెసర్, అప్పుడు కొత్త కార్డు తెచ్చి పెట్టినా ఫలితం ఉండదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఇది చెయ్యకుండా దుకాణం మెట్లెక్కకూడదని నా గట్టి అభిప్రాయం. మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు తగిలించుకుని ఆడేవాళ్లు, 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు కావలసిన వేగం వాళ్ల బల్ల మీదే ఉంది.

ఇక కొటేషన్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ సీటీసీ అనే చోటికి, వెళ్తే ఏ దుకాణంలోనైనా ఒక కాగితం రాసిస్తారు. ఆ కాగితాన్ని చదవడమే ఈ విద్యలో సగం. ప్రతి వరుసలోనూ పూర్తి మోడల్ నంబర్ ఉండాలి. 'ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్' అని మాత్రమే రాసి ఉంటే అక్కడే ఆగాలి. ఆన్‌లైన్‌లో పాతిక వేలకు 'ఐ7 గేమింగ్ పీసీ' అని రంగురంగుల లైట్లతో కనిపించేవాటిలో చాలాసార్లు ఉండేది ఐ7-2600. అది 2011 నాటి ప్రాసెసర్. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కీ సరిగ్గా అన్నే కోర్లు, అన్నే థ్రెడ్లు. వేగంలో మాత్రం ఈ ఐ3 ఆ ఐ7ను ఎంతో దూరం దాటేస్తుంది. పైగా ఆ పాతదానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

4 జీబీ గ్రాఫిక్స్ అన్నదీ ఇలాంటిదే. అది జీటీ 730 అయి ఉండొచ్చు, 2014 నాటి కార్డు. మెమరీ నాలుగు జీబీలు ఉన్నా దాన్ని వాడుకునే సత్తా ఆ చిప్‌లో లేదు. 2 జీబీ జీటీఎక్స్ 1050 దాన్ని సులువుగా మించుతుంది. పేరున్న కంపెనీలు కూడా ఈ గందరగోళం పెంచాయి. జీటీఎక్స్ 1060 మూడు జీబీదీ, ఆరు జీబీదీ తేడా మెమరీలోనే అనుకున్నారు జనం. లోపలి కోర్ల సంఖ్య కూడా వేరు. కష్టపడి సంపాదించిన డబ్బుతో కొనేవాడికి పేరు చూస్తే వస్తువు తెలియాలి. అలా తెలియకుండా పేర్లు పెట్టడం అన్యాయమని నేను నమ్ముతాను. 2025 జనవరిలో ఎన్విడియా 5070ని చూపిస్తూ 4090తో సమానమంది. ఆ లెక్కలో ఏఐ పుట్టించిన ఫ్రేములూ కలిసి ఉన్నాయి. అవి బొమ్మను నున్నగా చూపిస్తాయి కానీ మౌస్ కదిపినప్పుడు ఆట స్పందించే వేగాన్ని పెంచవు.

కొటేషన్‌లో అందరూ దాటేసే వరుస ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే డబ్బా మీద 450 వాట్లు అని ముద్ర ఉంటుంది. బరువైన ఆట నడుస్తున్నప్పుడు అది అంత ఇస్తుందన్న భరోసా లేదు. అది చెడిపోతే ఒంటరిగా పోదు, కార్డునో బోర్డునో వెంట తీసుకుపోవచ్చు. మన ఊళ్ల కరెంటు సంగతి తెలిసిందే కదా. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకుని, దాని కోసం క్యాబినెట్ లైట్లు వదులుకోమంటాను. యూపీఎస్ కూడా వాట్లు చూసి కొనాలి. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా మొయ్యగలిగేది 360 వాట్లే.

మరి ఆ డెబ్భై వేలకు ఏం కొనాలి? వాలొరంట్, జీటీఏ ఫైవ్ ఆడుతూ, అప్పుడప్పుడు కొత్త ఆటలు మీడియం సెట్టింగుల్లో చూసుకుంటే చాలనుకునే కుర్రాడికి నేను చెప్పేది ఇది: రైజెన్ 5 5600 లేదా ఐ5-12400ఎఫ్ లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్, ఎనిమిది ఎనిమిదిగా రెండు స్టిక్కుల్లో 16 జీబీ ర్యామ్, 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 తరగతి కార్డు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. మానిటర్ కాకుండా మిగిలిన డబ్బులో మూడో వంతుకు పైగా కార్డుకే పోతుంది, పోవాలి కూడా. డబ్బు ఇంకా తక్కువైతే కార్డే లేకుండా రైజెన్ 5 5600జీతో మొదలుపెట్టొచ్చు. అందులోనే ఉన్న గ్రాఫిక్స్ వాలొరంట్‌ను చక్కగా లాగుతుంది. కార్డు వచ్చే ఏడాది చేర్చుకోవచ్చు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కాబట్టి ఇప్పుడే 32 జీబీ అని పట్టుబట్టకుండా, నాలుగు స్లాట్లున్న బోర్డు తీసుకుని రెండు ఖాళీగా ఉంచుకోవడం మేలు.

హాస్టల్‌లో ఉండేవాడికి ల్యాప్‌టాప్ తప్పదు. అక్కడ పేరు పక్కన వాట్లు చూడాలి. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4060 అంటే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏదైనా కావొచ్చు. పేరు ఒకటే, పని వేరు. 4070 అయితే డెస్క్‌టాప్‌లో 12 జీబీ, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గదిలోనే నలభై డిగ్రీలుంటే ల్యాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్ అయినా ముందువైపు నిండా అద్దం బిగించిన క్యాబినెట్ మన వేసవికి పనికిరాదు. జాలీ ఉన్నది, గాలి లోపలికి వచ్చేది కావాలి. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లి వచ్చేవాడైతే నేను డెస్క్‌టాప్‌కే ఓటేస్తాను. అదే డబ్బుకు ఎక్కువ బలం వస్తుంది, చెడిన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, తర్వాత పెంచుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్డులంటే నాకు భయం లేదు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక ఆ పనికి వాడిన కార్డులు ఎన్నో మార్కెట్లోకి వచ్చాయి. అలాంటిది కొనేటప్పుడు ఎదురుగా అరగంట బరువైన ఆట నడిపించి, వేడి, ఫ్యాన్ల చప్పుడు చూసుకోవాలి. వారంటీ ఉందంటే అసలు బిల్లు చేతికి తీసుకోవాలి. కొత్తదాని విషయంలో అయితే బిల్లు గురించి బేరమే వద్దు. బిల్లు లేకుండా తగ్గించిన రెండు వేలు, వారంటీ అవసరమైన రోజున ఎన్నో రెట్లుగా కట్టాల్సి రావొచ్చు.

ఇంత మాట్లాడాక కూడా పిల్లాడు చివరగా ఒక అస్త్రం తీస్తాడు: "జీటీఏ సిక్స్ వస్తే, బాబాయ్?" ఆ ఆశ నాకూ అర్థమవుతుంది. కానీ రాక్‌స్టార్ ఆ ఆటను ప్రకటించింది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకు. ఐదో భాగం 2013 సెప్టెంబర్‌లో కన్సోళ్లకు వస్తే, పీసీకి వచ్చేసరికి 2015 ఏప్రిల్ అయింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కూడా ఏడాది ఆలస్యంగానే వచ్చింది. పీసీలో దానికి ఏ కార్డు కావాలో ఇంకా తెలియని ఆట కోసం ఈ రోజు ముప్పై వేలు అదనంగా ఎందుకు పెట్టాలి? పీసీకి వచ్చిన రోజున దానికి ఏం కావాలో వాళ్లే చెప్తారు. అప్పుడు ఈ కార్డు అమ్మేసి ఇంకోటి పెట్టుకోవచ్చు, మంచి ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ ఉంది. ఆ ముప్పై వేలలో ఓ ఎనిమిది వేలు పెట్టి నడుముకు ఆనుడు ఉన్న కుర్చీ కొనుక్కోమని చెప్తాను. నాలుగేళ్ల ఇంజనీరింగ్ దాంట్లోనే కూర్చుని చదవాలి.