పర్దా వెనక నొప్పికి పేరు పెట్టాలి

ముస్లిం స్త్రీ గురించి తెలుగులో రాసేవాళ్లు చాలామంది ఆమె బుర్ఖా దగ్గరే ఆగిపోతారు. కొందరికది చెర. కొందరికది జెండా. ఆ నల్లగుడ్డ మీద ఇంత చర్చ జరిగింది గానీ, దాని లోపలి మనిషికి నడుం ఎందుకు లాగుతోందో, నెలలో సగం రోజులు రక్తం ఎందుకు పోతోందో అడిగినవాళ్లు తక్కువ. బయటివాళ్లూ అడగలేదు, మావాళ్లూ అడగలేదు.

ఒక ముస్లిం స్త్రీ అడిగింది. అడిగి తొంభై ఏళ్లు దాటింది. రషీద్ జహాన్ 1905లో పుట్టింది. అలీగఢ్‌లో ఆడపిల్లలకు బడి పెట్టిన షేక్ అబ్దుల్లా కూతురు. ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో వైద్యం చదివి స్త్రీల డాక్టరైంది. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, మహ్మూదుజ్జఫర్‌లతో కలిసి ఆమె రాసిన ఉర్దూ సంకలనం 'అంగారే' 1932 చివర లక్నోలో వచ్చింది. 1933 మార్చిలో సర్కారు దాన్ని నిషేధించింది. అందులో ఆమె రాసిన చిన్న నాటిక 'పర్దే కే పీఛే'.

ఆ నాటికలో పెద్ద సంఘటనలేమీ లేవు. జనానాలో ఇద్దరు బేగంలు మాట్లాడుకుంటారు, అంతే. అందులో ఒకామె వరస కాన్పులతో చితికిపోయిన మనిషి. గర్భసంచి జారిపోయింది. ఆపరేషన్ చేయించుకుంది. దేనికి? తన ఆరోగ్యానికి కాదు, భర్త సుఖానికి. ఎక్కడ ఇంకో నిఖా చేసుకుంటాడోనన్న భయానికి. రచయిత్రిలోని డాక్టరు ఇక్కడ కనిపిస్తుంది. ఆమె ఈ బాధను కిస్మత్ అనలేదు. త్యాగం అని పొగడలేదు. జబ్బును జబ్బుగా, దాని కారణాన్ని కారణంగా చూపించింది.

సిగ్గు ఆడదాని స్వభావం అంటారు కదా, ఈ నాటిక ఆ మాటను కొట్టేస్తుంది. ఒక స్త్రీ ఇంకో స్త్రీకి అన్నీ చెప్పుకుంటోంది. మా ఇళ్లలోనూ అంతే. ఆపా, ఖాలా, భాబీ నలుగురూ వంటింట్లో చేరితే చెప్పుకోని సంగతి ఉండదు. సఫేద్ పానీ గురించి, బచ్చేదానీ గురించి వాళ్లకు మాటలున్నాయి. దవాఖానా మెట్లెక్కేసరికి ఆ మాటలన్నీ 'కడుపునొప్పి' అయిపోతాయి. మాట లేక కాదు, అక్కడ ఆ మాటకు మర్యాద లేక. అవే మాటలు పుస్తకమై బజారుకొచ్చినప్పుడు రచయిత్రికి 'అంగారేవాలీ' అని పేరుపెట్టారు. బాధ ఉండటం తప్పు కాలేదు, బయటపడటం తప్పయింది.

తెలుగులో మాత్రం తక్కువ జరిగిందా? కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసినా, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాసినా, స్త్రీవాద కవిత్వం మొత్తాన్నీ 'నీలి' అని ఈసడించిన పెద్దలున్నారు. 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం ఆడవాళ్ల జబ్బుల్ని మామూలు తెలుగులో చెప్పింది. అవన్నీ ఉర్దూ మాట్లాడే మా గల్లీల దాకా ఎంత చేరాయి? 1992 తర్వాత మా అవమానాలకు మేం భాష వెతుక్కున్నాం. 1998లో 'జల్‌జలా' వచ్చింది. అమ్మీ కన్నీళ్ల మీద కవిత్వం రాశాం. అమ్మీ బీమారీకి పేరు పెట్టింది మాత్రం తక్కువే.

ఇది మజహబ్ ఒప్పుకోని సంగతి అనేవాళ్లు హదీసులు తెరిచి చూడాలి. ఆగకుండా రక్తం పోతోందని, నమాజు మానాలా అని ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ నేరుగా ప్రవక్తనే అడిగింది. ఆయన కసురుకోలేదు. అది నెలసరి కాదని, నరం నుంచి పోయే రక్తమని విడమరిచి చెప్పాడు. తెలుసుకోవడానికి సిగ్గును అడ్డం రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా మెచ్చుకుంది. హయా వేరు, షరం వేరు. హయా మనిషి తనకు తాను ఇచ్చుకునే గౌరవం. షరం పక్కవాళ్లు నెత్తిన పెట్టే మూట. ఈ రెంటినీ కలిపేసి మా ఆడవాళ్ల నోరు నొక్కుతున్నాం.

అలాగని తప్పంతా మా ఇళ్లదేనని సంతోషపడాల్సిన పని ఎవరికీ లేదు. పరీక్ష బల్ల చుట్టూ ఒక తెర కట్టని ఆస్పత్రికి బుర్ఖాను వెనకబాటు అనే హక్కెక్కడిది? 'మీకెంతమంది పిల్లలమ్మా, మీవాళ్లు ఆపరు కదా' అని నలుగురిలో నవ్వితే ఆ స్త్రీ మళ్లీ ఆ మెట్లెక్కుతుందా? లేడీ డాక్టరు కావాలనడం, తలుపు వేయమనడం, తన భాషలో చెప్పమనడం ఛాదస్తం కాదు. ఏ స్త్రీకైనా అది హక్కు.

ఈ మౌనం ఖరీదు ప్రాణాలు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలకు కొత్తగా వస్తోంది. పూర్తి క్యాన్సర్ కావడానికి చాలా ఏళ్లు తీసుకునే జబ్బిది. పలచని ఎసిటిక్ యాసిడ్ అద్ది కంటితో చూసే పరీక్షలో మార్పులు నిమిషాల్లో తెలుస్తాయి. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చదువుకున్నవాళ్లకు ఇవి రావనే భ్రమా వద్దు. అంతమంది స్త్రీల బాధ విన్న రషీద్ జహాన్ 1952లో మాస్కోలో గర్భాశయ క్యాన్సర్‌తోనే చనిపోయింది.

ఇంకో వైపు కత్తి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇది ఒక్క ముస్లింల లెక్క కాదు, అందరి ఇళ్లదీ. తన ఒంట్లో ఏముందో, అదేం పని చేస్తుందో మాట్లాడుకోని స్త్రీ 'తీసేద్దాం' అన్న డాక్టరును 'ఎందుకు' అని ఎలా అడుగుతుంది? 'వేరే మందు లేదా' అని ఎలా నిలదీస్తుంది? సిగ్గు ఆమెను ఆలస్యంగా పంపుతుంది. అజ్ఞానం ఆమెతో తలూపిస్తుంది.

అందుకే ఇది ఆరోగ్య శాఖ పోస్టరుకు వదిలేసే విషయం కాదు, సాహిత్యం పని కూడా. అస్తిత్వం అంటే పేరు, టోపీ, బుర్ఖా మాత్రమేనా? నొప్పి పుట్టే ఒళ్లు అస్తిత్వం కాదా? రషీద్ జహాన్ పర్దా వెనక మాటను కాగితం మీదికి తెచ్చింది. దాన్ని డాక్టరు బల్ల దాకా తీసుకుపోవడం మన వంతు. అక్కాచెల్లెళ్లు తమ మాటల్లోనే రాయాలి. భాయీలు ఆ మాట విని తలొంచుకోకుండా, వెంట నడిచి దవాఖానాకు తీసుకుపోవాలి.