టెస్ట్ ల్యాంపు పట్టిన చెయ్యి

లంబసింగి చలిలో హీటరుకైనా, విజయవాడ ఎండలో ఏసీకైనా కారులోకి గాలి తోసేది ఒక్క బ్లోయర్ ఫ్యానే. అది ఆగితే మనం మోటారు పోయిందనుకుంటాం. ఆటోనగర్‌లో పని తెలిసిన ఎలక్ట్రీషియన్ అలా తొందరపడడు. ముందు అడుగుతాడు: "అసలు తిరగట్లేదాండీ, చివరి స్పీడులో తిరుగుతోందా?"

సగం జబ్బు ఆ ప్రశ్నకే దొరికిపోతుంది. నాబ్‌తో స్పీడు మార్చే చాలా కార్లలో తక్కువ వేగాలకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, చివరి వేగానికి నేరుగా మోటారుకు చేరుతుంది. చివరి స్పీడు మాత్రమే పనిచేస్తే సాధారణంగా రెసిస్టర్ కాలినట్టే. అసలు తిరక్కపోతే ఫ్యూజు చూసి, స్విచ్ వేసి మోటారును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడతాడు. కదిలిందా, కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది అతని టెస్ట్ ల్యాంపు. రెండు వైర్లు, ఒక 12 వోల్టుల బల్బు, అంతే! మల్టీమీటరు దాదాపు కరెంటు లాగదు కనుక తుప్పుపట్టిన కనెక్టర్ దగ్గర కూడా 12 వోల్టులు చూపించగలదు. బల్బు కరెంటు లాగుతుంది, వైరులో సత్తువ లేకపోతే మసకబారి నిజం చెప్పేస్తుంది.

కాలిన రెసిస్టర్ మార్చేసి డబ్బులు పుచ్చుకోవడం తేలిక. ఇతను ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూస్తాడు. బిగుసుకుని తిరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కొత్త రెసిస్టర్‌కూ ముప్పే. కరిగిన కనెక్టర్‌నూ వదలడు, మార్చే బిగిస్తాడు.